హెచ్-1బీ వాళ్ల పిల్లలకు అమెరికా పౌరసత్వం ఎందుకివ్వాలి?

"తాత్కాలిక వీసా మీద వెళ్లినవాళ్ల పిల్లలకు పుట్టగానే పౌరసత్వం ఎందుకు? ట్రంప్ చేసింది సబబే కదా?" అని అడిగారు. సబబు కాదు. ఆ ఉత్తర్వు వచ్చేనాటికి మా ఆవిడకు ఏడో నెల.

2025 జనవరి 20న ఆయన సంతకం పెట్టారు. తల్లి అక్రమంగా ఉన్నా, హెచ్-1బీ (ఉద్యోగ వీసా), హెచ్-4 (వాళ్ల భార్యాభర్తలకిచ్చే వీసా), స్టూడెంట్ వీసాల్లాంటి వాటి మీద ఉన్నా, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే, ఫిబ్రవరి 19 తర్వాత పుట్టే బిడ్డ అమెరికా పౌరురాలు కాదన్నారు. మా కాన్పు మార్చి చివర్లో.

మేముండేది డల్లాస్ దగ్గర. మర్నాటికల్లా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు నిండా టెన్షన్. ముందే ఆపరేషన్ చేసే డాక్టర్లు ఎవరని ఒకాయన వాకబు మొదలుపెట్టాడు. గుంటూరు నుంచి మా పిన్ని ఫోన్ చేసి, "ఎలాగూ సిజేరియనే అంటే, మంచిరోజు చూసి ముందే తీయించెయ్యండిరా" అంది. పురుడు పొయ్యడానికి వచ్చిన మా అత్తగారు ఆ మాట విని వంటగదిలోంచి బయటికొచ్చారు. "నెలలు నిండని బిడ్డని కాగితం కోసం బయటికి లాగుతారా?" అని ఫోన్లోనే అడిగేశారు. తర్వాతి చెకప్‌లో మేం అడక్కముందే డాక్టరమ్మే ఆ సంగతి ఎత్తింది. చాలామంది అడుగుతున్నారని, ఊపిరితిత్తులు సరిగా ఎదగకముందే బిడ్డని తియ్యడం తన వల్ల కాదని చెప్పింది. మా ఆవిడ దారి పొడవునా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక, "పాప ఊపిరి ముఖ్యం. పాస్‌పోర్టు సంగతి తర్వాత" అంది. ఆ వారంలోనే, జనవరి 23న, సియాటిల్‌లో జడ్జి కాఫనౌర్ ఉత్తర్వును ఆపారు. పాప నెలలు నిండాకే పుట్టింది.

నాకు ఎక్కువ బాధ కలిగించింది మనవాళ్లే. ఇదే వీసా మీద వచ్చి, ఇక్కడే పిల్లల్ని కని, గ్రీన్‌కార్డు చేతికందినవాళ్లు "చట్టం చట్టమే" అని అదే గ్రూపులో రాశారు. తాత్కాలికం అని మమ్మల్ని ఎవరన్నా అంటే ఒళ్లు మండుతుంది. ఏటా ఇచ్చే ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే పరిమితి. మనవాళ్ల వరుస దశాబ్దాలు పడుతుంది. అన్నాళ్లూ పన్నులు కడుతూ, ఇక్కడే ఇల్లు కొనుక్కుని ఉండేవాళ్లం తాత్కాలికం ఎలా అవుతాం?

ఇక రాజ్యాంగం సంగతి. నల్లజాతివారు పౌరులు కాలేరని 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన అన్యాయాన్ని సరిదిద్దడానికి 1868లో 14వ సవరణ తెచ్చారు. ఇక్కడ పుట్టి, ఈ దేశ అధికార పరిధికి లోబడినవాళ్లంతా పౌరులే అంటుంది అది. తాత్కాలికంగా ఉండేవాళ్ల పిల్లలు ఆ పరిధిలోకి పూర్తిగా రారని ప్రభుత్వ వాదన. అధికార పరిధిలో లేకపోతే నన్ను టెక్సస్ పోలీసు ఆపగలడా? నా దగ్గర పన్ను వసూలు చెయ్యగలరా? అధికార పరిధికి లోబడాలన్న ఆ షరతు మినహాయించేది ముఖ్యంగా విదేశీ రాయబారుల పిల్లల్లాంటి వాళ్లను.

శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీయ తల్లిదండ్రులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ చైనా వెళ్లి 1895లో తిరిగొస్తే, పౌరుడు కాదంటూ ఓడ దిగనివ్వలేదు. 1898లో సుప్రీంకోర్టు 6-2తో అతని పక్షాన తీర్పిచ్చింది. అతని తల్లిదండ్రులు ఇక్కడే స్థిరపడ్డవాళ్లు కాబట్టి ఆ తీర్పు మాలాంటివాళ్లకు వర్తించదని ఇప్పుడంటున్నారు. కానీ ఆనాటి చట్టం ప్రకారం చైనీయులకు అమెరికా పౌరులయ్యే దారే లేదు. అయినా కొడుకు పౌరుడే అయ్యాడు. అంటే హక్కు పుట్టిన బిడ్డది. తల్లిదండ్రుల కాగితాలను బట్టి వచ్చేది కాదు.

"ఇండియా కూడా మార్చింది కదా" అంటారు. నిజమే, 1987లోను, 2004లోను నిబంధనలు బిగించింది. అయితే పార్లమెంటు చట్టం చేసి మార్చింది. అమెరికాలో ఇది రాజ్యాంగంలోనే ఉంది. మార్చాలంటే కాంగ్రెస్ ఉభయసభల్లో మూడింట రెండొంతుల మంది, ఆపైన 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. మార్చాలనుకునేవాళ్లు ఆ దారిలో వెళ్లి జనాన్ని ఒప్పించాలి.