రచయితలూ నటీనటులూ పక్షం తేల్చి చెప్పాలా?

ప్రశ్న: చిన్ననాటి నుంచి నేను అభిమానించిన రచయిత్రి ఒక పక్షాన, ఆమె పాత్రలకు తెరమీద ప్రాణం పోసిన నటుడు మరో పక్షాన నిలబడి, ట్రాన్స్ వ్యక్తుల విషయంలో బహిరంగంగా విభేదించుకోవడం చూసినప్పటి నుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు. జెండర్ వంటి సున్నితమైన వివాదాల్లో రచయితలూ నటీనటులూ తమ వైఖరి ప్రకటించవలసిందేనా? ప్రకటించకుండా ఊరుకున్నవారిని తప్పుపట్టవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు ‘హ్యారీ పోటర్’ నవలల రచయిత్రి జె.కె. రౌలింగ్, ఆ చిత్రాల్లో హ్యారీగా నటించిన డానియల్ రాడ్‌క్లిఫ్‌లను దృష్టిలో పెట్టుకుని అడిగారని అనుకుంటున్నాను. 2020 జూన్ మొదటి వారంలో, స్త్రీలుగా తమను గుర్తించుకోనివారినీ కలుపుకుంటూ ‘స్త్రీలు’ అనకుండా ‘రుతుస్రావం అయ్యేవారు’ అన్న ఒక వ్యాస శీర్షికను రౌలింగ్ ఎద్దేవా చేశారు. జూన్ 8న రాడ్‌క్లిఫ్, యువతలో ఆత్మహత్యల నివారణకు పనిచేసే ట్రెవర్ ప్రాజెక్ట్ అనే సంస్థ ద్వారా, ట్రాన్స్ మహిళలు (పుట్టినప్పుడు మగవారిగా నమోదై, తమను స్త్రీలుగా గుర్తించుకునేవారు) మహిళలేనని ప్రకటించారు. మరో రెండు రోజులకు రౌలింగ్ తన వెబ్‌సైట్‌లో సుదీర్ఘమైన వ్యాసం రాసి, తాను గృహహింసకూ లైంగిక దాడికీ గురైన సంగతి వెల్లడిస్తూ, స్త్రీలకు ప్రత్యేకించిన చోట్ల విషయంలో తనకున్న ఆందోళనను వివరించారు.

మాట్లాడే హక్కు ఇద్దరికీ ఉంది. మాట్లాడి తీరాలన్న నిర్బంధం మాత్రం ఎవరిమీదా లేదు. అయితే నోరు విప్పినవారు ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నారో స్పష్టంగా చెప్పాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఎందుకంటే మనం జెండర్ వివాదం అని ఒక్క పేరుతో పిలుస్తున్నది నిజానికి ఒక్క ప్రశ్న కాదు.

ఒక మనిషిని వారు కోరుకున్న పేరుతో, వారు కోరుకున్న సంబోధనతో పిలవడం ఒక ప్రశ్న. గుర్తింపు పత్రాల్లో ఏమి రాయాలన్నది వేరొకటి. మహిళల క్రీడల్లో ఎవరు పోటీ పడాలన్నది శరీరధర్మానికి సంబంధించిన మరొకటి. పురుష యౌవనదశ దాటి వచ్చిన ట్రాన్స్ మహిళలు అంతర్జాతీయ మహిళా పోటీల్లో పాల్గొనరాదని ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం 2023 మార్చిలో నిర్ణయించింది. పిల్లల్లో యౌవనదశ రాకను ఆపి ఉంచే మందులు ఇవ్వవచ్చా అన్నది పూర్తిగా వైద్యానికి చెందినది. ఇంగ్లండ్‌లో డాక్టర్ హిలరీ కాస్ 2024 ఏప్రిల్‌లో సమర్పించిన తుది నివేదిక, ఆ చికిత్సకున్న ఆధారాలు బలహీనమైనవని చెప్పింది. జైళ్ల సంగతి, ఆశ్రయ గృహాల సంగతి మళ్లీ వేరు. ట్రాన్స్ వ్యక్తుల గౌరవాన్ని మనసారా కోరుకునే మనిషికి క్రీడల విషయంలో సందేహాలు ఉండవచ్చు. వైద్యం విషయంలో జాగ్రత్త కోరే మనిషి, ఒక ట్రాన్స్ ఉద్యోగిని అవమానిస్తే వారి పక్షాన నిలబడవచ్చు. ప్రసిద్ధులు ఒక్క వాక్యంలో వైఖరి ప్రకటించినప్పుడు ఈ తేడాలన్నీ చెరిగిపోయి, అభిమానులు రెండు శిబిరాలుగా చీలిపోతారు.

2025 ఏప్రిల్ 16న బ్రిటన్ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పునే చూడండి. 2010 నాటి సమానత్వ చట్టంలోని ‘స్త్రీ’ అన్న మాటకు జీవశాస్త్ర సంబంధమైన అర్థమే వర్తిస్తుందని ఆ తీర్పు చెప్పింది. ట్రాన్స్ వ్యక్తులకు వివక్ష నుంచి అదే చట్టం ఇస్తున్న రక్షణ యథాతథంగా కొనసాగుతుందనీ చెప్పింది. ఈ రెండింటిలో ఒకదాన్నే ఎత్తి చూపి సంబరపడినా, దుఃఖించినా, వినేవారికి అందేది సగం సంగతే. లక్షల మంది వినే గొంతు ఉన్నవారు ఆ రెండో సగాన్ని కూడా చెప్పే ఓపిక చూపాలి.

రచయితకూ నటుడికీ ఇక్కడ ఒక తేడా ఉంది. రచయిత పనిముట్టు మాటే కాబట్టి, తొందరపడి మాట జారానని చెప్పుకునే వీలు ఆ వృత్తిలో తక్కువ. నైజీరియా రచయిత్రి చిమమాండా ఎన్గోజీ అడీచీ 2017లో ఒక టీవీ ఇంటర్వ్యూలో, ట్రాన్స్ మహిళలు ట్రాన్స్ మహిళలేనని అన్నారు. పెరిగిన క్రమంలో వారికీ తక్కిన స్త్రీలకూ ఎదురైన అనుభవాలు ఒకటి కావన్నది ఆమె ఉద్దేశం. విమర్శలు చుట్టుముట్టాక ఆమె విడిగా వివరణ రాశారు. రౌలింగ్ అభిప్రాయాలతో ఏకీభవించినా లేకపోయినా, ఆ వ్యాసంలో వాదించడానికి ఒక వాదం ఉంది. దానికి ముందటి ఎద్దేవాలో అది లేదు. రచయితలు వ్యాసం రాసే తీరిక లేనప్పుడు వ్యాఖ్య కూడా మానుకోవడం మేలని నాకు అనిపిస్తుంది.

నటుల విషయంలో, వారు ఒప్పుకునే పాత్రే ఒక వైఖరి. ఒక ట్రాన్స్ పురుషుడి పాత్రకు అంగీకరించిన స్కార్లెట్ జొహాన్సన్, విమర్శలు వచ్చాక 2018 జూలైలో ఆ చిత్రం నుంచి తప్పుకున్నారు. ఒక ట్రాన్స్ మహిళ పాత్ర పోషించి ఆస్కార్ నామినేషన్ పొందిన ఎడ్డీ రెడ్‌మేన్, సదుద్దేశంతోనే చేసినా అది పొరపాటని 2021లో ఒప్పుకున్నారు, ఇప్పుడైతే ఆ పాత్ర తీసుకోనన్నారు. ఎవరి జీవితాన్ని ఎవరు అభినయించాలన్నది నటులకు బాగా తెలిసిన రంగం. అక్కడ వారి మాటకు బరువు ఉంటుంది, అక్కడ వారు తప్పించుకోలేరు కూడా. చట్టం మీదా వైద్యం మీదా వారి అభిప్రాయం మన అభిప్రాయం కంటే ఎక్కువ విలువైనదేమీ కాదు. ఇక తాను ట్రాన్స్ వ్యక్తినని 2020 డిసెంబరులో వెల్లడించిన నటుడు ఎలియట్ పేజ్ వంటివారు తమ జీవితం గురించి చెప్పుకుంటున్నారు. దాన్ని కూడా వివాదంలో ఒక పక్షంగా లెక్కకట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

మౌనం గురించి అడిగారు. మౌనం అర్ధాంగీకారం అన్న మాటను ఇక్కడికి తీసుకురాకండి. ఒకరు ఇంకా చదువుకుంటూ ఉండవచ్చు, మరొకరి ఇంట్లోనే ఈ ప్రశ్న నలుగుతూ ఉండవచ్చు, ఇంకొకరికి బయటకు చెప్పలేని స్వానుభవం ఉండవచ్చు. ఒత్తిడి చేసి రాబట్టిన ప్రకటన ఆ మనిషి భయాన్ని తప్ప నమ్మకాన్ని చెప్పదు. తన కళ్లముందు, తాను పనిచేసే చోట ఒక ట్రాన్స్ సహనటుడికో, దాడి నుంచి బతికి బయటపడ్డ ఒక స్త్రీకో అవమానం జరుగుతున్నా పలకనివారిని మాత్రం నిస్సంకోచంగా ప్రశ్నించవచ్చు.

పేరున్నవారు ఒక వాక్యం బయటపెట్టే ముందు, తన పేరు తానే ఎంచుకుని ఇంట్లో ఇంకా చెప్పలేకపోతున్న ఒక యువతినీ, మూసిన తలుపు వెనకనైనా భయం తగ్గని ఒక స్త్రీనీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఇద్దరికీ ఆ వాక్యాన్ని తమ నోటితో చదివి వినిపించగలరా అని ఆలోచించుకోవాలి. చదవలేకపోతే మాట మార్చుకోవాలి. వాదాన్ని మార్చుకోనక్కరలేదు.

ప్రశ్న: ఒక రచయిత్రి అభిప్రాయాలు నన్ను గాయపరిచాయి. ఆమె పుస్తకాలు నా బాల్యంలో నాకు తోడుగా నిలిచాయి. ఇప్పుడు వాటిని ప్రేమించడం తప్పా?
– మరొక పాఠకుడు

జవాబు: తప్పు కాదు. మానేయాలనిపిస్తే మానేయడమూ తప్పు కాదు. కొత్తగా కొనకపోవడం వేరు, ఇదివరకు చదివి పొందినదాన్ని చెరిపేసుకోవడం వేరు. పైన చెప్పిన ప్రకటనలోనే రాడ్‌క్లిఫ్, తన జీవితం ఈ దారి పట్టడానికి రౌలింగ్ కారణమని ఒప్పుకున్నారు, తమ ఇద్దరి మధ్య తగవుగా దీన్ని చూడవద్దన్నారు. ఆ కథల్లో తమకు విలువైనదేదైనా దొరికి ఉంటే అది చదివిన మనిషికీ పుస్తకానికీ మధ్యనున్న పవిత్రమైన సంగతి అని, మీలాగే నొచ్చుకున్న పాఠకులకు ఆయన చెప్పారు.