మాల్దీవుల కంటే ముందు హోప్ ఐలాండ్‌కి పంపండి

కాకినాడ నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం. సెలవుల్లో మాల్దీవులకు వెళ్లి వేల్ షార్కుల పరిశోధనలో వాలంటీర్‌గా చేస్తానంటోంది. రెండు వారాలకు టికెట్లతో కలిపి రెండున్నర లక్షలు దాటేలా ఉంది. పనీ మనమే చేసి, డబ్బూ మనమే కట్టడమేంటండీ? ఇది మోసమా? రేపు ఎమ్మెస్సీ సీటుకి ఏమైనా పనికొస్తుందా?"

డబ్బు కట్టించుకున్నంత మాత్రాన మోసం కాదండీ. సముద్రం మీద పరిశోధన అంటే రోజూ బోటు తియ్యాలి, డీజిల్ పొయ్యాలి, మనుషులకి తిండి, పడక చూడాలి, వీటన్నిటికీ ఏడాది పొడవునా గ్రాంట్లు దొరకవు కాబట్టి చాలా బృందాలు వాలంటీర్లు కట్టే ఫీజుతోనే నెట్టుకొస్తాయి. అందుకని ఫీజు ఉందా లేదా అన్నది పక్కన పెట్టి, అక్కడ సేకరించిన సమాచారం ఎక్కడికి పోతోందో అడగండి. ఆ ప్రాజెక్టు పేరుతో సైన్స్ పత్రికల్లో పేపర్లు వచ్చాయా, రోజూ రాసే రికార్డు ఎవరు చూస్తారు, మా అమ్మాయికి నేర్పేది ఎవరు? వీటికి సూటిగా జవాబు చెప్పకుండా జంతువుల్ని పట్టుకుని దిగిన ఫొటోలు చూపించేవాళ్లు ఉంటారు, పర్యాటకుల కోసం తాబేలు పిల్లల్ని తొట్టెల్లో ఉంచేవాళ్లూ ఉంటారు. అలాంటి చోటికి ఊరికే రమ్మన్నా పంపొద్దు.

మాల్దీవుల్లో ఈ పని గట్టిగా చేస్తున్నది మాల్దీవ్స్ వేల్ షార్క్ రీసెర్చ్ ప్రోగ్రాం, 2006 నుంచి ఉంది. వాళ్ల పని ఎక్కువగా సౌత్ ఆరి అటోల్‌ (పగడపు దీవుల వలయం)లో, 2009లో రక్షిత ప్రాంతంగా ప్రకటించిన చోట. షార్క్ అనగానే ఇంట్లో టెన్షన్ పడతారేమో, ఇది పెరిగితే 12 మీటర్లు దాటే చేపే గానీ నీటిలో తేలే సూక్ష్మజీవుల్ని (ప్లవకాల్ని) వడగట్టుకుని తింటుంది, మనిషి జోలికి రాదు. ఇలాంటి ప్రాజెక్టులో రోజులో ఎక్కువ భాగం ఎండలో బోటు మీద నిలబడి నీళ్లలో నీడ కోసం వెతకడమే. కనిపిస్తే దిగి, మొప్పల వెనక ఉండే చుక్కల్ని ఫొటో తీస్తారు. ఆ చుక్కల అమరిక ఏ రెండు చేపలకీ ఒకేలా ఉండదు, దాన్నిబట్టే ఇది పాతదా కొత్తదా అని తేలుస్తారు (ఇదే పనికి నక్షత్రాల ఫొటోలు పోల్చే ఖగోళశాస్త్ర పద్ధతిని వాడుకోవచ్చని 2005లోనే ఒక బృందం చూపించింది, మీ అమ్మాయికి చెప్పండి, సంతోషిస్తుంది). పొడవు, ఆడదా మగదా, చుట్టూ ఎన్ని బోట్లున్నాయి, ఒంటి మీద దెబ్బలున్నాయా, అన్నీ రాయాలి. అక్కడ కనిపించేవి ఎక్కువగా ఇంకా ఎదగని మగవే. ఇలాంటి సంగతి బయటపడింది ఏళ్ల తరబడి ఓపిగ్గా నింపిన పట్టికల నుంచే. అలా పట్టికలు నింపే ఓపిక మీ అమ్మాయికి ఉందా? నాకైతే ఈత కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

మన తీరానికీ దీనికీ సంబంధం లేకపోలేదు. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి బీచ్‌కి ఒక వేల్ షార్క్ కొట్టుకొస్తే అటవీ శాఖ వాళ్లు, మత్స్యకారులు కలిసి దాన్ని ప్రాణాలతో తిరిగి సముద్రంలోకి పంపారు. ఆ ఫొటోలు గుర్తింపు కోసం మాల్దీవుల బృందానికే పంపుతామని అధికారులు అప్పుడు చెప్పారు.

ఇక సీటు సంగతి. మన రాష్ట్రంలో ఎమ్మెస్సీ సీట్లకి రాసే ఏపీ పీజీసెట్‌లో ఈ సర్టిఫికెట్‌కి ఒక్క మార్కు కూడా రాదు. డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ లాంటి చోట్ల, విదేశీ మాస్టర్స్ దరఖాస్తుల్లో మాత్రం ఫీల్డ్ అనుభవానికి విలువ ఉంటుంది. అక్కడ కూడా ఏ దేశం వెళ్లావని కాదు, ఏం చేశావు, ఆ లెక్కల్ని ఏం చేశావు అని అడుగుతారు.

అందుకే ఈ ఏడాది వద్దంటాను. మీరు కాకినాడలో ఉన్నారు, ఎదురుగా హోప్ ఐలాండ్ ఉంది, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు. జనవరి నుంచి మార్చి దాకా సీజన్. కోరింగ అభయారణ్యం అటవీ అధికారుల్ని కలిసి, కాలేజీ నుంచి ఉత్తరం ఇచ్చి, వాలంటీర్‌గా తీసుకుంటారేమో అడగమనండి. అనుమతి లేకుండా రాత్రిళ్లు బీచ్‌లో గుడ్ల జోలికి వెళ్లకూడదు, అవి వన్యప్రాణి రక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఉన్న షెడ్యూల్ 1 జంతువులు, చట్టం కఠినంగా ఉంటుంది. ఒక సీజన్ నిద్ర మానుకుని గూళ్లు లెక్కపెట్టి, ఆ లెక్కల్ని ఎక్సెల్‌లో పెట్టి, వీలైతే గణాంకాల విశ్లేషణకి వాడే ఆర్ (R) ప్రోగ్రామింగ్ కూడా కాస్త నేర్చుకుంటే, మాల్దీవుల్లో ఆ రెండు వారాలు ఆమెకి నాలుగింతలు పనికొస్తాయి.

ఆ తర్వాత కూడా వెళ్తానంటే, అప్పు చేయకుండా కుదిరితే, ఫైనలియర్ అయ్యాక సంతోషంగా పంపండి. ఈలోగా ఈత నేర్చుకోవాలి, స్విమ్మింగ్ పూల్లో వచ్చిన ఈత అలల్లో సరిపోదు, స్నార్కెల్ (నీళ్లలో ముఖం ఉంచి ఊపిరి తీసుకునే గొట్టం) పెట్టుకుని తొందరపడకుండా తేలగలగాలి. టూరిస్టుగా వెళ్తే అక్కడ దిగాక ఉచితంగానే వీసా ఇస్తారు గానీ, వాలంటీర్ పనికి ఏ వీసా కావాలో ఆ సంస్థ నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఇన్సూరెన్స్‌లో సముద్రంలో దిగే పనికి, బోటు మీద ప్రమాదానికి కవరేజీ ఉందా, రద్దయితే డబ్బు ఎంత వెనక్కి వస్తుంది, ఇవి కూడా అదే ఈమెయిల్‌లో అడగండి. ఆ ఈమెయిల్ మీరు కాదు, మీ అమ్మాయి రాయాలి. జవాబులన్నీ వచ్చేదాకా అడ్వాన్స్ కట్టొద్దు.