బావ చూసి ఇస్తాడు

మాది మక్తల్ దగ్గర పల్లె. వయసు 27. డిగ్రీ రెండో ఏడాదిలో మానేశాను. మా నాన్న ముంబయి పనులకు పోయేవాడు, ఇప్పుడు నడుము పడిపోయి ఇంటి దగ్గరే ఉంటున్నాడు. నేను మహబూబ్‌నగర్‌లో మెట్టుగడ్డ దగ్గర రూమ్ తీసుకుని పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. పని నేర్పింది మా బావ. ఆయనకు జడ్చర్లలో ఫొటో స్టూడియో ఉంది. 2021లో 85 వేలు పెట్టి నాకు కంప్యూటర్ కొనిచ్చాడు. స్టూడియోకి వచ్చే పెళ్లిళ్లన్నీ నేనే చేస్తాను. డబ్బులు బావ చూసి ఇస్తాడు. రూమ్ కిరాయి కట్టాలంటే మూడు వేలు ఫోన్‌పే చేస్తాడు. మొన్న హైదరాబాద్ నుంచి ఒక ఈవెంట్ కంపెనీ వాళ్లు నా వీడియో చూసి ఫోన్ చేశారు. పెళ్లికి ఎంత తీసుకుంటావని అడిగితే మూడు వేలని వచ్చేసింది నా నోట్లోంచి. అవతలి మనిషి ఒక్క క్షణం ఆగి, 'ఓకే బ్రదర్, డన్' అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు డిగ్రీ లేదు, ఇంగ్లిష్ రాదు, నా స్థాయి ఇంతే అనే నమ్మకం నన్ను వెనక్కి లాగుతోంది. దీన్నే ఇంపోస్టర్ సిండ్రోమ్ అంటారట. 18 వేలకు ఆన్‌లైన్‌లో మైండ్‌సెట్ కోర్స్ ఉంది. చేరమంటారా? బయటి పని పట్టుకుంటే బావకు కోపం వచ్చి అక్కకు ఇబ్బంది అవుతుందేమోనని కూడా టెన్షన్‌గా ఉంది.
— పేరు వద్దన్న పాఠకుడు

నువ్వు నా చిన్న కొడుకు ఈడువాడివి. అందుకే 'నువ్వు' అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

కోర్సులో చేరకు. ముందు ఆ మాట అయిపోనీ. ఆ డబ్బులో కొంత పెట్టి ఇంకో హార్డ్ డిస్క్ కొనుక్కో. పెళ్లివాళ్ల ఫుటేజ్ అంతా ఒకే డిస్క్‌లో ఉందని నీ పొడుగాటి ఉత్తరంలో ఒక మూల రాశావు. అది చదివినప్పుడు నాకే గుండె జారింది. అది పోయిన రోజు ఏ మైండ్‌సెట్ వచ్చి నిన్ను ఆదుకుంటుంది?

ఇంగ్లిష్ సంగతి కూడా ఇక్కడితో వదిలేద్దాం. తలంబ్రాల దగ్గర ఎక్కడ కట్ చేయాలో, అప్పగింతల్లో ఆడపిల్ల తండ్రి ముఖం మీద ఎంతసేపు ఆగాలో తెలిసినవాడికి దానితో ఏం పని? వాళ్లు నీ వీడియో చూసి ఫోన్ చేశారు. మార్కుల మెమో పంపమని అడగలేదు కదా.

ఇక ఆ సిండ్రోమ్. 1978లో పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అని అమెరికాలో ఇద్దరు సైకాలజిస్టులు దాని గురించి రాశారు. వాళ్లు చూసింది బాగా చదివి, మంచి పేరు తెచ్చుకున్న ఆడవాళ్లను. పేరు వచ్చినా, అందరూ మెచ్చుకున్నా, 'ఇదంతా ఏదో అదృష్టం, ఒకరోజు నా బండారం బయటపడుతుంది' అని లోపల వణికేవాళ్లు వాళ్లు. నీకు వచ్చిన పేరేది? నువ్వు చేసిన ప్రతి వీడియో మీదా స్టూడియో పేరే పడుతుంది. నీ పనికి ఇదీ ధర అని ఇంతవరకు నీతో ఒక్కరూ అనలేదు. ధరే తెలియనివాడు తక్కువ చెప్పాడంటే దానికి జబ్బు పేరు ఎందుకు?

ఒక సంగతి నువ్వు గమనించావో లేదో. ఆ మనిషి రేటు అడిగినప్పుడు నీ నోట్లోంచి మూడు వేలే ఎందుకు వచ్చింది? రెండున్నర రాలేదు, నాలుగు రాలేదు. మీ బావ రూమ్ కిరాయికి పంపేది మూడు వేలు. నీకు తెలిసిన అంకె అదొక్కటే. నీ కష్టానికి ఎంత అని అడిగితే నీ కిరాయి ఎంతో చెప్పావు.

అసలు విషయం అక్కడ ఉంది. నీకూ నీ నమ్మకాలకూ మధ్య ఏదో ఉందని రాశావు గానీ, ఉన్నదల్లా నీకూ మీ బావకూ మధ్య తేలని ఒక లెక్క.

'చూసి ఇస్తాడు' అనే మాట మీ పాలమూరులో, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, కొత్తదేం కాదు. దేశంలో డ్యాములు, కాలువలు కట్టిన చోటల్లా పాలమూరు లేబర్ అంటే తెలుసు. ఆ లేబర్ అంతా నడిచింది కూలీలను గుంపుగా పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ చేతుల మీదుగా. వాన పడక ఇంట్లో గింజలు అయిపోయిన రోజుల్లో మేస్త్రీ వచ్చి అడ్వాన్స్ చేతిలో పెట్టేవాడు. ఆ అడ్వాన్స్ మీద మొగుడూ పెళ్లాం కలిసి ఇన్ని నెలలని పోయేవాళ్లు. పని దగ్గర తిండికి ఇంత అని ఇచ్చేవాడు. అసలు కూలి ఎంత పడిందో, అడ్వాన్స్‌లో ఎంత తెగిందో మేస్త్రీ పుస్తకానికే తెలుసు. అడిగితే 'ఇంటికి పోయేటప్పుడు చూసి ఇస్తా' అనేవాడు. అడ్వాన్స్ పేరుతో మనిషిని కట్టి పడేయడం నేరమని 1976లోనే వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఇంటివాళ్ల మధ్య నడిచే లెక్కలకు ఏ చట్టం అడ్డం వస్తుంది? ఒకసారి ఊరికి పోయినప్పుడు మీ నాన్న పక్కన కూర్చుని అడుగు, 'నాయినా, నీకు రోజుకు ఎంత పడేది?' అని. ఆయన ఏం చెప్తాడో నాకు తెలుసు. నువ్వు ఆయన నోటి నుంచి వింటే మంచిది.

మీ బావ గుంపు మేస్త్రీ అని నేను అనడం లేదు. అంత మాట అంటే మీ అక్క నన్ను వదలదు. ఆయన నీకు పని నేర్పాడు, కరోనా కాలంలో 85 వేలు తీశాడు, అది చిన్న సాయం కాదు. కానీ ఆ 85 వేలు సాయమా, అప్పా, నీ జీతంలో తెగిపోయిందా అని నాలుగేళ్లు దాటినా ఆయన చెప్పలేదు, నువ్వు అడగలేదు. అడగబోతే 'ఇంటోళ్లం, మన మధ్యల లెక్కలేందిరా' అన్నాడని రాశావు. నా అనుభవంలో ఈ మాట ఎప్పుడూ ఇవ్వాల్సినవాళ్ల నోటి నుంచే వస్తుంది. రావాల్సినవాళ్లు అనగా నేను వినలేదు.

మా అమ్మ నల్లగొండలో జాకెట్లు కుట్టేది. బయటివాళ్ల దగ్గర డబ్బులు తీసుకునేది గానీ, చుట్టాల దగ్గర 'మీకు తోచింది ఇవ్వండి' అనేది. వాళ్లకు తోచింది బొట్టు పెట్టి ఒక జాకెట్ ముక్క చేతిలో పెట్టడం. అమ్మ పోయాక ఇనప్పెట్టె తెరిస్తే మడత కూడా విప్పని జాకెట్ ముక్కలు నలభై రెండు ఉన్నాయి. కొన్నింటి మీద పసుపు మరక అలాగే ఉంది. ఒక్కో ముక్క ఎవరిదో నేనూ మా చెల్లీ గుర్తుపట్టగలిగాం. ఆ కుట్టుకూలి డబ్బులు వచ్చి ఉంటే చెల్లి ఇంటర్ తర్వాత ఆగేది కాదు. ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ కోపమే వస్తుంది, అందుకే 'మనోళ్లమే కదా' అనే మాట మీద నా మాటలు కొంచెం కటువుగా ఉంటాయి. ఓర్చుకో.

అక్క సంగతి. మీ అక్కకు పెళ్లయి తొమ్మిదేళ్లు, ఇద్దరు పిల్లలు. ఆ కాపురం నువ్వు ఊరికే చేసే ఎడిటింగ్ మీద నిలబడి ఉందా? అలా అనుకుంటే నీ అక్కనూ తక్కువ చేస్తున్నావు, బావనూ తక్కువ చేస్తున్నావు. నువ్వు అక్కను కాపాడుతున్నానని అనుకుంటున్నావు. నాకు మాత్రం నువ్వు అక్క కొంగు చాటున నిలబడినట్టు కనిపిస్తోంది. బావను అడగడం కష్టం, అక్క పేరు చెప్పుకుని అడగకుండా ఉండడం తేలిక. అల్లుడి ముందు నోరెత్తకూడదని మీ అమ్మ అంటుంది, అనాలి కూడా. నోరెత్తమని నేను చెప్పను. నోటుబుక్ తీసుకుపొమ్మంటాను.

లెక్క ఎక్కడిది అంటావు. నీ హార్డ్ డిస్క్‌లోనే ఉంది. ఒక్కో పెళ్లికి ఒక్కో ఫోల్డర్, ఫలానా వెడ్స్ ఫలానా అని. వాటి పక్కన తేదీలు ఉంటాయి. 2021 నుంచి ఎన్ని ఉన్నాయో వరసగా రాసుకో. రెండో పేజీలో బావ నుంచి వచ్చిన డబ్బులు రాయి. ఫోన్‌పే హిస్టరీలో, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో అన్నీ దొరుకుతాయి. చేతికి ఇచ్చినవి గుర్తున్నంత వరకు వెయ్యి, ఆయనకు అనుకూలంగానే వెయ్యి. మూడో పేజీలో ఒకే ఒక లైన్: కంప్యూటర్, 85 వేలు.

ఆ పుస్తకం పట్టుకుని ముహూర్తాలు లేని ఒక మధ్యాహ్నం స్టూడియోకి పో. ఫోన్‌లో వద్దు. పండుగ పూట ఇంట్లో వద్దు. దావత్‌లో, మందు దగ్గర అసలే వద్దు. అక్కతో చెప్పించవద్దు. 'బావా, కంప్యూటర్ బాకీ తీరిందో లేదో నువ్వే చెప్పు, తీరకపోతే ఎంత ఉందో చెప్పు, కడతాను. ఇప్పటి నుంచి పెళ్లికి ఇంత అని అనుకుందాం. బయటి పని కూడా చేస్తాను, నీ పని ఆలస్యం కానివ్వను.' ఇంతే. పాత డబ్బుల కోసం కొట్లాడకు. ఆ ఫోల్డర్లను నువ్వు నేర్చుకున్న పనికి ఫీజు అనుకో. ఆయన పుస్తకం చూస్తాడు, చూసి మాట్లాడడు. కోపం రావచ్చు. నెల రోజులు ఫోన్ ఎత్తకపోవచ్చు. దసరాకి మేనల్లుళ్లకు బట్టలు మాత్రం ఎప్పటిలాగే తీసుకుపో. మేనమామగా నువ్వు పెట్టాల్సింది వేరు, ఎడిటర్‌గా నీకు రావాల్సింది వేరు. ఇంతకాలం ఆ రెండూ కలిసిపోయాయి.

ఇక నీ రేటు. నెల ఖర్చు 18 వేలు అన్నావు. ఏడాదికి 2,16,000. కంప్యూటర్ నాలుగైదేళ్లకు ఒకసారి మార్చాలి, దానికి ఏడాదికి 20 వేలు పక్కన పెట్టాలి. మొత్తం 2,36,000. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పోను, మూఢాలు పోను, ఏడాదికి 35 పెళ్లిళ్లకు మించి చేయలేనని నువ్వే రాశావు. భాగించి చూడు, పెళ్లికి 6,700 పైన పడుతుంది. అది లాభం లేకుండా, జ్వరం రాకుండా, కరెంటు పోయి రెండర్ మళ్లీ మొదలుపెట్టకుండా గడిచే ఏడాదికి. మూడు వేల చొప్పున అయితే లక్షా ఐదు వేలు. మిగతాది మీ అమ్మ పంపే బియ్యం మోస్తోంది. ఒక్కో పెళ్లికి నీకు ఐదు రోజులు పడుతుంది కదా, అంటే రోజుకు ఆరు వందలు. ఆ డబ్బుకు మక్తల్‌లో సుతారి మేస్త్రీ గోడ కట్టడానికి వస్తాడేమో ఒకసారి అడిగి చూడు.

హైదరాబాద్ వాళ్లకు మూడు వేలని మాట ఇచ్చావు. ఆ ఒక్క పెళ్లి మూడు వేలకే చెయ్యి, బాగా చెయ్యి. మాట తప్పమని నేను చెప్పను. రెండో పెళ్లికి ఫోన్ వస్తే నోటితో ఏమీ చెప్పకు, 'మెసేజ్ పెడతాను' అను. నోటికి మళ్లీ కిరాయే గుర్తొస్తుంది. మెసేజ్‌లో ధర ఎనిమిది వేలని రాయి. సగం ముందు, సగం ఫైనల్ వీడియో ఇచ్చే ముందు. మార్పులు రెండుసార్లు ఉచితం, మూడోసారి నుంచి డబ్బులు. హైలైట్స్‌కీ, పూర్తి వీడియోకీ వేరు ధరలు.

ఆధార్, పాన్ పెట్టి ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు, చేయించుకో. అది పూర్తిగా ఉచితం, ప్రభుత్వ సైట్ తప్ప ఫీజు అడిగే ఏ సైట్ జోలికీ పోకు. ఆ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న వ్యాపారికి కొన్నవాడు, అంతకంటే ఎక్కువ గడువుకు ఒప్పందం ఉన్నా సరే, 45 రోజుల లోపు డబ్బు కట్టాలని చిన్న పరిశ్రమల కోసం వచ్చిన 2006 చట్టం చెబుతోంది. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ. కంపెనీ వాళ్లు టీడీఎస్ అని పన్ను కింద ముందే కొంత కోస్తే భయపడకు, నీ ఆదాయానికి పన్ను పడకపోతే రిటర్న్ వేసినప్పుడు తిరిగి వస్తుంది. ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ గొడవ నీకు లేదు.

ఎనిమిది వేలని మెసేజ్ పెట్టాక వాళ్లు వెంటనే జవాబు ఇవ్వరు. నీలి టిక్కులు పడతాయి, అంతే. ఆ అరగంటలో 'అన్నా, కొంచెం తగ్గిస్తాను' అని టైప్ చేయడానికి నీ వేళ్లు లేస్తాయి. ఫోన్ రూమ్‌లోనే పెట్టి, తాళం వేసి, కిందికి పోయి చాయ్ తాగి రా.