పొట్టకు దెబ్బ తగిలింది, బిడ్డ కదులుతోంది.. అయినా ఆస్పత్రికి వెళ్లాలా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. తొలి కాన్పు, ఏడో నెల. మొన్న రాత్రి మాటామాటా పెరిగి మా ఆయన నెట్టేశారు. వంటగట్టు అంచు పొట్టకు బలంగా తగిలింది. బ్లీడింగ్ లేదు, బిడ్డ కదులుతోంది. ‘మగాడన్నాక కోపం రాదా, సర్దుకుపో’ అంటున్నారు అత్తయ్య. నాది ఓ నెగటివ్. చూపించుకోవాలా?

సలహా: చూపించుకోవాలమ్మా, ఈరోజే. దెబ్బకు మాయ గర్భసంచి గోడ నుంచి ఊడొచ్చు. అప్పుడు కారే రక్తం ఒక్కోసారి లోపలే గడ్డకడుతుంది, బయటికి చుక్క కూడా కనపడదు. అందుకే స్కానింగ్‌తో సరిపెట్టకుండా బిడ్డ గుండె చప్పుడును కొన్ని గంటలు మెషీన్ పెట్టి చూస్తాం. పొట్ట రాయిలా బిగుసుకున్నా, బ్లీడింగ్ అయినా, ఉమ్మనీరు కారినా, కదలికలు తగ్గినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

మీరు చివర్లో రాసిన ‘ఓ నెగటివ్’ చూసి ఎక్కువ కంగారుపడ్డాను. బిడ్డది పాజిటివ్ గ్రూప్ అయి, ఆ రక్తం మీ రక్తంలో కలిస్తే ఈ బిడ్డకే కాదు, తర్వాతి కాన్పుకూ ముప్పే. ఆ ముప్పు రాకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ దెబ్బ తగిలిన 72 గంటల్లోపు పడాలి. గడువు దాటినా మానకండి, పది రోజుల్లోపు ఇచ్చినా కొంత మేలే. నెగటివ్ గ్రూప్ వాళ్లకు ఏడో నెలలో మామూలుగా ఇచ్చే యాంటీ-డి డోసు ముందే తీసుకుని ఉంటే ఆ సంగతీ చెప్పండి.

ఓపీలో మాత్రం ‘బాత్‌రూంలో జారిపడ్డాను’ అనకండి. ఆ మాట మేం చాలాసార్లు విన్నదే. ఆయన పక్కనే ఉంటే, పరీక్ష చేయాలంటూ మిమ్మల్ని ఒక్కరినే లోపలికి పిలుస్తాం. జరిగింది అప్పుడు చెప్పి, కేస్ షీట్‌లో రాయించండి. 2005 గృహహింస చట్టం కింద రేపు అవసరమైతే అదే ఆధారం.

సర్దుకుపోవడం గురించి ఒక్క మాట అడుగుతాను. ఆయన ఎప్పుడైనా మీ గొంతు పట్టుకున్నారా? అలా జరిగి ఉంటే ఆ ఇంట్లో మీ ప్రాణానికే ప్రమాదం, ఆలస్యం చేయొద్దు. లేకపోయినా, తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మనలో ఆనవాయితీయే కదా, ఎవరూ ఆరా తీయరు. ఆ వంకతో కాస్త ముందే వెళ్లండి. వెళ్తే అత్తింట్లో ఉండే హక్కు పోతుందని బెదిరిస్తారేమో, పోదు.

181 మహిళా హెల్ప్‌లైన్ రాత్రీపగలూ పలుకుతుంది. హింసకు గురైన మహిళలకు సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రం వివరాలు వాళ్లే చెబుతారు. ఆయన మీ ఫోన్ చూస్తుంటే అమ్మ ఫోన్ నుంచి చేయండి. బయల్దేరేటప్పుడు రిపోర్టులు, ఆధార్, మీ బ్లడ్ గ్రూప్ రాసి ఉన్న కార్డు మర్చిపోవద్దు.