పాల జ్వరం వచ్చిందని ఆవును అమ్మేయకండి

"మూడో ఈతలో పాల జ్వరం వచ్చి లేచిన జెర్సీ ఆవును ఉంచుకోవాలా, అమ్మేయాలా?" అని ఒకరు అడిగారు. ఉంచుకోండి. పాల జ్వరం అంటే ఈనగానే రక్తంలో కాల్షియం పడిపోయి ఆవు కూలబడే జబ్బు. మా ఇంట్లోనూ ఇదే జరిగింది.

మాది కావలి దగ్గర పల్లె. మా జెర్సీకి అది మూడో ఈత. సాయంత్రం చక్కగా ఈనింది, పెయ్యదూడ. మాయ కూడా రాత్రికే పడిపోయింది. పొద్దున్నే అమ్మ పొదుగంతా పిండేసి, జున్నుపాలు వీధంతా పంచింది. ఆ రాత్రే వెనక కాళ్లు తడబడ్డాయి. నాలుగింటికి లేచి లైటు వేస్తే కొట్టంలో కూలబడి ఉంది. తల వెనక్కి తిప్పి పక్కటెముకల మీద ఆనించుకుంది. లాగి ముందుకు పెడితే మళ్లీ అటే పోతోంది. చెవులు పట్టుకుంటే చల్లగా తగిలాయి. ఎప్పుడూ చెమ్మగా ఉండే మూతి ఎండిపోయింది.

పక్కింటి మామ వాము, మిరియాల కషాయం కాచి వెదురు గొట్టంతో పొయ్యబోయాడు. అదే సమయానికి డాక్టరు ఫోనెత్తారు. "నోట్లో చుక్క కూడా పొయ్యొద్దు, అది మింగలేదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి ఒరిగిపోకుండా రెండు వైపులా గడ్డి మూటలు పెట్టు, లేకపోతే కడుపుబ్బుతుంది" అన్నారు. ఇంతలో ఊళ్లో ఒకాయన జ్వరం తగ్గే ఇంజెక్షను వేస్తానని వచ్చాడు. ఈ జబ్బుకు పాల జ్వరం అని పేరు పెట్టినవాళ్లు రైతుకు పెద్ద అన్యాయం చేశారు. ఒళ్లు చల్లబడే జబ్బుకు జ్వరం అని పేరేంటి?

డాక్టరు వచ్చి కాల్షియం సీసాను గోరువెచ్చని నీళ్లలో పెట్టి, మెడ నరానికి ఎక్కించారు. స్టెతస్కోపు గుండె మీద నుంచి తియ్యలేదు. "తొందరపడితే గుండె ఆగిపోద్దయ్యా" అన్నారు. 450 మిల్లీలీటర్లు ఎక్కడానికి 20 నిమిషాలు పట్టింది. సగం సీసా అయ్యేసరికి ఒళ్లంతా సన్నగా వణికింది. తేన్చింది, పేడ వేసింది. ఎండిన మూతి మీద చిన్న చిన్న చెమట చుక్కలు లేచాయి. ఆ చుక్కలు చూసి అమ్మ ఏడ్చేసింది. గంటకల్లా లేచి నిలబడి దూడ కోసం అరిచింది.

ఇప్పుడు అసలు విషయం. తప్పు ఆవుది కాదు, మనది. 10 లీటర్ల జున్నుపాలలో 20 గ్రాములకు పైగా కాల్షియం పోతుంది. ఆవు రక్తంలో ఒక సమయంలో ఉండేది సుమారు మూడు గ్రాములే. మిగతాది మేత నుంచి, ఎముకల నుంచి తియ్యాలి. చూడి చివరి నెలలో మనం బలమని కాల్షియం టానిక్కులు పట్టిస్తే, ఎముకల నుంచి తీసుకునే పని ఒంటికి అలవాటు తప్పుతుంది. ఈనిన రోజు ఒక్కసారిగా అవసరం పడితే అందదు. మేము సరిగ్గా అదే చేశాం. దుకాణానికి పోతే చూడి ఎన్నో నెలో అడక్కుండా డబ్బా చేతిలో పెడతారు, నాకు మండేది అందుకే. పిల్లిపెసర, సుబాబుల్ ఆకులోనూ కాల్షియం ఎక్కువ, అవీ ఆ నెలలో తగ్గించాలి.

ఇక జున్ను. చుట్టాలు, వీధిలోవాళ్లు గిన్నెలు పంపిస్తారు, కాదంటే ముఖం ముడుచుకుంటారు. ముడుచుకోనివ్వండి. దూడకు మొదటి రెండు గంటల్లో కడుపునిండా తాగించాక, రెండు రోజుల పాటు పొదుగు బరువు తగ్గేంతే తియ్యండి, ఖాళీ చెయ్యొద్దు.

ఒకసారి వచ్చిన ఆవుకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువే, అది దాచను. అందుకే మీ డాక్టరుకు ఈనే తేదీ ముందే చెప్పి పెట్టుకోండి, పశువుల అంబులెన్సు నంబరు 1962 కొట్టంలో రాసి పెట్టుకోండి. ఇంకొకటి, ఈనిన నెల లోపల దాణా వదిలేసి ఎండుగడ్డి మాత్రమే తింటూ, ఊపిరిలో తియ్యటి వాసన వస్తే అది కీటోసిస్, ఒంట్లో శక్తి చాలక వచ్చే వేరే జబ్బు. దాన్ని పాల జ్వరం అనుకుని కాల్షియంతో కాలం గడపొద్దు.

మా ఆవు నాలుగో ఈతకు ముందు టానిక్కు ఆపేశాం. ఈనగానే డాక్టరు చెప్పిన కాల్షియం జెల్ పట్టించాం, పన్నెండు గంటలకు ఇంకోసారి. రెండు రాత్రులు నేను కొట్టంలోనే మంచం వేసుకున్నా. గంటకోసారి చెవులు పట్టుకుని చూశాను. వెచ్చగానే ఉన్నాయి.