శాలువా నాకు కప్పలేదని ఏడవడం పాపమా?

ప్రశ్న: మాది హాలియా దగ్గర పల్లె. మందిరం ఊడవడం, చాపలు పరచడం, ఉపవాస కూడికలకు వంట చేయడం ఏళ్లుగా నా పనే. మొన్న క్రిస్మస్‌కు, ఈమధ్యే సంఘంలో చేరిన ఒక టీచరమ్మను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. నా పేరు కూడా ఎత్తలేదు. ఇంటికొచ్చి ఏడ్చాను. మా ఆయన ‘ఇక మానెయ్’ అంటున్నాడు. దేవుని పనిలో ఇలా అనుకోవడం పాపమేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక సోదరి, నల్గొండ జిల్లా

జవాబు: చెల్లెమ్మా, మీ ఏడుపులో నాకు పాపం కనబడలేదు. రోమా పత్రిక 16వ అధ్యాయం తీసి చదవండి. మరియ ప్రయాసపడింది, పెర్సిసు ప్రయాసపడింది అని పౌలు పేరుపేరునా వందనాలు చెప్పాడు. కష్టపడినవాళ్లను తలచుకోవడం సంఘం బాధ్యత. మీ పెద్దలు అది మరిచిపోయారు. ‘తగ్గించుకోవాలి’ అనుకుంటూ వాళ్ల పొరపాటును మీ నెత్తిన వేసుకోకండి.

మనుషులకు కనబడాలని చేసే నీతికి తండ్రి దగ్గర ఫలం ఉండదని మత్తయి 6లో యేసు హెచ్చరించాడు. మీరు చీపురు పట్టే వేళకు మందిరంలో ఎవరుంటారు? ఎవరూ చూడకపోయినా ఇన్నేళ్లు చేశారంటే, శాలువా కోసం మొదలుపెట్టిన పని కాదది. అయితే ఈ బాధను లోపల దాచుకుంటే, రేపటి నుంచి ఎవరు మెచ్చుకున్నారు, ఎవరు మెచ్చుకోలేదు అనే లెక్కలు మొదలవుతాయి. యేసు తన ఇంటికొచ్చినప్పుడు పనంతా తన ఒక్కదాని మీదే పడిందన్న ఫిర్యాదును మార్త నేరుగా యేసుతోనే చెప్పుకుంది. మీరూ ప్రార్థనలో ఉన్నది ఉన్నట్టు చెప్పుకోండి.

మన నల్గొండ, పాలమూరు పల్లెల్లో బాప్టిస్టు, మెన్నొనైట్ మిషన్ల కాలంలో బైబిల్ స్త్రీలు ఊరూరా తిరిగి వాక్యం చెప్పారు. వాళ్లలో ఎంతోమంది పేర్లు ఇవాళ మనకు తెలియవు. వాళ్ల నోట విన్న వాక్యమే మన ముసలమ్మల ద్వారా మన ఇళ్లకు చేరింది. మీరు నడుస్తున్నది వాళ్ల దారిలోనే అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

ఇక మీ ఆయన మాట. నాట్ల రోజుల్లో పొద్దంతా బురదలో వంగి, ఇంటి పని చూసుకుని, మళ్లీ మందిరానికి పరుగెత్తే మిమ్మల్ని రోజూ చూసేది ఆయనే. ఆయన కోపం దేవుని మీద కాదేమో, మీ అలసట మీదేమో. ‘నీకేం బాధ?’ అని ఒకసారి నెమ్మదిగా అడగండి.

పాస్టరమ్మగారిని కూడా కలవండి. శాలువా ఊసెత్తకండి, పని భారం గురించి మాత్రం అడగండి: ‘అమ్మగారూ, వంట ఒక్కదాన్నే చేయలేకపోతున్నా, స్త్రీల సమాజంలో వంతులు వేయండి.’ వంతులు పడేదాకా వంట మానుకున్నా తప్పులేదు. ఊడవడం ఇష్టమైతే అదొక్కటే ఉంచుకోండి.

ఆ టీచరమ్మ మీ దగ్గర ఏమీ లాక్కోలేదు. వచ్చే ఆదివారం మీరే ముందుగా వందనాలు చెప్పి, వంట వంతులో ఆమెనూ కలుపుకోండి.