గినీకి వెళ్తున్న శిష్యురాలికి

చిరంజీవికి ఆశీస్సులు.

పరిశోధనకు పశ్చిమ ఆఫ్రికా దేశమైన గినీలోని కిస్సిడుగు ప్రాంతాన్ని ఎంచుకున్నందుకు చాలా సంతోషించాను. నీ ప్రతిపాదనకు పెట్టిన ‘అడవి నాశనానికి కారణాలు’ అనే శీర్షిక మాత్రం మార్చమ్మా. నాశనమైందని ఇక్కడే తేల్చేసుకుంటే అక్కడికి వెళ్లి తెలుసుకునేదేముంది?

అక్కడ గడ్డిమైదానాల నడుమ ఊరి చుట్టూ చిన్న అడవి కనిపిస్తుంది. ఒకప్పటి మహారణ్యంలో మిగిలినవి ఈ ముక్కలేననీ, తక్కినదంతా రైతులే తగలబెట్టారనీ ఫ్రెంచి పాలకులు నమ్మారు. 1958లో స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ నమ్మకం మీదే నిషేధాలు, జరిమానాలు సాగాయి. 1990ల మొదట్లో జేమ్స్ ఫెయిర్‌హెడ్, మెలిస్సా లీచ్ అనే మానవశాస్త్రవేత్తలు 1952 నాటి వైమానిక ఛాయాచిత్రాలను ఉపగ్రహ చిత్రాలతో పోల్చి, వృద్ధులను అడిగి చూస్తే కథ తిరగబడింది. చాలా ఊళ్ల చుట్టూ అడవి పెరిగింది. పెంచింది ఊరివాళ్లే. ఊరి అంచున పశువులను మేపారు, ఇళ్ల కప్పులకు గడ్డి కోశారు. కార్చిచ్చు ఊరిదాకా రావడానికి ఎండుగడ్డే మిగల్లేదు. పెరటి సాగుతో, ఇంటి చెత్తతో నేల సారం పుంజుకుంది. యుద్ధాల కాలంలో శత్రువు చొరబడకుండా బూరుగు చెట్లు నాటారు.

అందుకే “ఇక్కడ అడవి ఉండేదా?” అని అడగకు. అధికారులు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్న అది, వారికి నచ్చే జవాబే వస్తుంది. ఒక ముసలి బూరుగు కింద నిలబడి, దీన్ని ఎవరు నాటారు, అప్పుడు చుట్టూ ఏముండేది అని అడుగు. ఊరి పెద్దల దగ్గరే కూర్చోకు, ఆడవాళ్ల వెంట పెరటి మళ్లకు వెళ్లు. పాత ఛాయాచిత్రాల నకళ్లు ప్రయాణానికి ముందే సంపాదించు, వాటిని చూపిస్తే జ్ఞాపకాలు వాటంతట అవే కదులుతాయి.

మన ఏజెన్సీలో పోడు మీద పడిన నిందలు వింటూ పెరిగినదానివి. రైతు పక్షం వహించడం నీకు సహజం. అయినా కిస్సిడుగులో తేలిన సంగతిని ప్రతిచోటా అతికించకు. పశ్చిమ ఆఫ్రికాలో అడవి నిజంగానే పోయిన చోట్లు ఎన్నో ఉన్నాయి. అటవీ ఉద్యోగితోనూ మాట్లాడు. జరిమానా సొమ్ము ఎవరికి చేరుతుందో, నేల పాడైందన్న మాటతో ఏ పథకానికి నిధులు వస్తాయో ఓపికగా ఆరా తియ్యి. రాజకీయమంతా అక్కడే ఉంది.

ఎవరు నిప్పు పెట్టారో నోటుపుస్తకంలో పేరు రాయకు. ఆ పుస్తకం ఎవరి చేతికి చిక్కినా శిక్ష పడేది నీకు అన్నం పెట్టిన ఇంటికే.

ఆశీస్సులతో,
మీ మాస్టారు